అడుగు చూసే మనిషి

మొన్న గుంటూరు బ్రాడీపేటలో స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళాను. గిన్నె చేతికి ఇవ్వగానే దాన్ని బోర్లించి అడుగు చూశాను. ఊరుకోకుండా గోటితో ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను కూడా. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "చిల్లి ఉండదు మేడం, కొత్త సరుకు" అన్నాడు. సిగ్గేసింది. నేను చిల్లి కోసం చూడలేదని ఆయనకెలా చెప్పను? ఆ అలవాటు నాది కాదు. చీరాలలో టీచరుగా పనిచేసినన్నాళ్ళూ మేం అద్దెకున్న ఇంటాయనది. ఆయన పోయి ఇంకా నెల తిరగలేదు. గిన్నె కొనకుండానే బయటికి వచ్చి, కాసేపు ఆటోల రొదలో ఊరికే నిలబడ్డాను.

ఎయిర్ ఫోర్సు నుంచి ఏ హోదాలో దిగారో నేనెప్పుడూ అడగలేదు. ఊరంతా సార్జంటు గారనే పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. విమానాల రేకుపని ఆయన ఉద్యోగం. మేం పైవాటాలో, వాళ్ళు కింద. కాఫీ ఇస్తే ముందు గ్లాసు తలకంటే ఎత్తుకు లేపి దాని అడుగు చూసేవారు. కాఫీ ఎలా ఉందో తర్వాతి సంగతి. బడిలో నాకిచ్చిన జ్ఞాపికను ముచ్చటపడి చూపిస్తే దాన్నీ బోర్లించి, గోటితో టక్కున కొట్టి, "పైన ఇత్తడి రంగు, లోపల చెక్క" అని తిరిగిచ్చారు. ఎవరి సంతోషాన్నయినా ఒక్క గోటిపోటుతో ఎగరగొట్టగలరు. ఒక పెళ్ళిలో వంటవాళ్ళ గుండిగలను వరసగా వాయించుకుంటూ పోతుంటే వంటమేస్త్రి గరిటె పట్టుకుని వచ్చి, "బాబూ, తమరికి పప్పు కావాలా, పాత్ర కావాలా?" అని అరిచాడు. ఆయనకేం కోపం రాలేదు. "పాత్ర బాగుందయ్యా, పాతకాలం పోత" అని మెచ్చుకుని విస్తరి ముందు కూర్చున్నారు.

"పైన రంగు ఎవడైనా వేస్తాడు టీచరమ్మా. అడుగున ఎవడూ వెయ్యడు. దేనికైనా పేరు పెట్టేముందు బోర్లించి చూడాలి" అనేవారు.

"పెళ్ళిచూపుల్లో నన్ను బోర్లించి చూడలేదు, అదొక్కటే నా అదృష్టం" అనేది వాళ్ళావిడ. నేను ఆమెను పిన్నిగారనేదాన్ని.

ముందు వరండాలో ఒక గోడంతా మేకులు. ప్రతి మేకుకూ ఏదో ఒక ఇనపముక్క, దానికి పురికొసతో కట్టిన అట్టముక్క మీద ఆయన చేతిరాతతో పేరు. పడవ ఇంజను మూత, మరమగ్గం పళ్ళచక్రం, పాత రేడియో బుడిపె. మగ్గాల మెకానిక్కులు, జాలర్లు, పాత సామాన్లవాళ్ళు ఏం దొరికినా తెచ్చి చూపించేవాళ్ళు. ఆయనకు అంతుపట్టనివి కూడా బోలెడు. వాటికి 'తెలియదు' అని రాసి తగిలించేవారు. పిన్నిగారు వాటిని పారేయబోతే ఒప్పుకునేవారు కాదు. "తెలియదని తెలిసింది గదా, అదీ ఒక పేరే. ఉండనీ" అనేవారు. తోచినప్పుడల్లా వాటిల్లో ఒకదాన్ని దించి, ఒళ్ళో పెట్టుకుని, మధ్యాహ్నమంతా అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవారు.

'అనుకుంటా' అన్న మాట ఆయన ముందు పలకకూడదు. కరెంటు పనికొచ్చినతను "ఫ్యూజు పోయిందనుకుంటానండీ" అంటే, "అనుకునేదయితే ఇంటికెళ్ళి అనుకో. చూసినాక రా" అని నిజంగానే పంపేశారు. ఆ సాయంత్రమంతా ఫ్యాను లేక చెమటల్లో తడిసిన నాకు ఆయన మీద పీకలదాకా కోపం. పైవాటా మెట్లు దబదబా ఎక్కాను, వినబడాలని.

ఆ పట్టుదల ఎక్కడిదో ఒక్కసారే చెప్పారు. ఉద్యోగంలో ఉండగా పడిపోయిన ఒక విమానం ముక్కలన్నీ షెడ్డులో నేలమీద పరిచి, ఏది ఎక్కడిదో గుర్తుపట్టమన్నారట. ఆయన చేసిన పని గురించి అంతకుమించి చెప్పలేదు. "ముక్కకి తప్పు పేరు పెట్టామంటే ఆ విమానం ఇంకోసారి పడినట్టే టీచరమ్మా" అని మాత్రం అన్నారు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒక కుక్కరు మూత. నాకు నవ్వు రాలేదు.

మా వీధి చివర ఇంట్లో మగ్గం ఉంది. ఆ ఇంటామె భర్త ఎప్పుడో పోయాడు. చిన్నకొడుకు మగ్గం మీద కూర్చునేవాడు, ఆమె అరుగు మీద నూలు కండెలు చుట్టేది. పెద్దకొడుకు ఎయిర్ ఫోర్సులో చేరాడు. ఆ ఉద్యోగం గురించి అతనికి చెప్పింది, పరీక్షకు కూర్చోబెట్టి చదివించింది సార్జంటు గారే. చేరిన కొన్నాళ్ళకు అతనెక్కిన రవాణా విమానం సముద్రం మీద పోతూ పోతూ కనబడకుండా పోయింది. వెతికారు. ఏమీ దొరకలేదు. పై వాళ్ళు ఇక లేడనే చెప్పారు, కాగితమూ ఇచ్చారు. ఆమె ఆ కాగితాన్ని భద్రంగానే దాచుకుంది గానీ కొడుక్కి చేయాల్సిన కర్మ మాత్రం చేయనివ్వలేదు.

శరీరం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ కట్టి దహనం చేయవచ్చని పురోహితుడు చెప్పాడు. ఆమె తమ్ముడు ఊళ్ళో బట్టల వ్యాపారి, నోరున్నవాడు. "చేయాల్సింది చేయకపోతే వాడికి దారెట్టా దొరుకుద్దక్కా?" అని వచ్చినప్పుడల్లా పోరేవాడు. ఆమెది ఒకటే మాట. "గడ్డిబొమ్మని చూసి నా బిడ్డనుకోమంటే నావల్ల కాదురా. వాడి విమానం ముక్క ఒక్కటి చూపించండి. గోరంత చాలు. ఆ పూటే చేయిస్తా."

అందుకే తీరంలో ఏ జాలరి వలలో ఏ రేకు పడ్డా ఆమె సార్జంటు గారి వరండాలోకి వచ్చి నిలబడేది. ఆయన ఆ రేకును బోర్లించి, కొట్టి, తిప్పి చూసి, "కాదమ్మా, ఇది పడవది" అనో, "డ్రమ్ముదమ్మా" అనో చెప్పేవారు. "సరే అన్నయ్యగారూ" అని వెళ్ళిపోయేది. అతన్ని మీరే కదా పంపించింది అని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే ఆయనకు తేలికగా ఉండేదేమో. ఆమె వెళ్ళాక ఆయన భోజనం సగంలో వదిలేసేవారని పిన్నిగారు చెప్పింది.

ఇక ఈ కథలోకి మా బాబాయి చేట రావాలి. మా బాబాయిది పర్చూరు వైపు పల్లె, మిరప సేద్యం. కల్లంలో ఎండిన కాయల్ని టిక్కీల్లోకి, అంటే బస్తాల్లోకి, ఎత్తడానికి ఆయన దగ్గర చేటలా ఒక వంపు తిరిగిన రేకు ఉండేది. పెద్దది, దూదంత తేలిక, ఎన్నేళ్ళయినా తుప్పు పట్టదు. చీరాలలో పాత సామాన్ల కొట్టులో కొన్నాడు. జాలర్ల వలలో పడిందని ఆ కొట్టువాడు చెప్పాడట. నేను శ్రావణంలో నోముకీ, సెలవలకీ వెళ్ళినప్పుడల్లా దాన్ని చూస్తూనే ఉన్నాను. ఏనాడూ అదేమిటని అనుకోలేదు. ఆ ఏడు మాఘమాసంలో మాత్రం, ఖాళీగా ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుని, సార్జంటు గారి సావాసదోషం వల్ల, బోర్లించి అడుగు చూశాను. లోపలివైపు సన్నటి పట్టీలు, వాటి పొడుగునా కుట్టు వేసినట్టు రివెట్లు. చీరాల వచ్చాక మాటల్లో ఆయనతో చెప్పాను. ఆయన చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది. మర్నాడే బస్సెక్కాం.

కల్లంలో ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అడుగు పెట్టగానే ఘాటుకు ఆయనకు దగ్గు తెర మీద తెర. మా బాబాయి మంచినీళ్ళిచ్చి, "ఏందండీ సార్జంటు గారూ, నా చేట మీద కేసేమన్నా పెడతారా?" అన్నాడు. ఏరుతున్నవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. దాన్ని తీసుకుని నీడలోకి వెళ్ళి కూర్చున్నారు. గోటితో కొట్టారు. బోర్లించి లోపలి పట్టీల మీద వేలు నడిపించారు. ఒక మూల ఉప్పునీళ్ళకు చెరిగిపోయిన అచ్చు అంకెలేవో ఉన్నాయి. వాటిని తడిగుడ్డతో తుడిచి చాలాసేపు చూశారు. పైవైపు ఎర్రగా ఉంది. దాన్ని ఆయన పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. మిరప కల్లంలో ఎర్రగా లేనిదేముంది? టార్పాలిన్లు ఎరుపు, చీపుళ్ళు ఎరుపు, మా పిన్ని ముక్కుపుడక సందుల్లో కూడా ఎరుపే.

"మన ఎయిర్ ఫోర్సు పనే. రేకు అదే, రివెట్టు అదే" అన్నారు. తర్వాత, ఆయన నోట నేను ఎన్నడూ వినని మాట విన్నాను. "ఆ విమానందే అయ్యుండాలి టీచరమ్మా."

బాబాయికి సంగతి చెబితే నవ్వు ఆగిపోయింది. "తీసకపోండి. ఇన్నాళ్ళూ తెలవక కాయలెత్తాం. తప్పేమన్నా ఉంటే క్షమించమనండి ఆ తల్లిని" అని, దాన్ని గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు. బస్సులో ఆయన దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఆ సంచి ఘాటుకు బస్సంతా తుమ్ములు. కండక్టరు కసిరినా ఆయనకు వినబడలేదు.

మా వీధిలోకి వచ్చేసరికి ఆమె అరుగు మీద కండెలు చుడుతోంది. సంచి ఆకారం చూసే లేచి నిలబడింది. ఆయన ఆగిపోయారు. ఇంటికి తీసుకెళ్ళి, ఇంకో రెండుసార్లు చూసి, అప్పుడు చెబుదామనే అనుకుని ఉంటారు. కానీ ఆమె మెట్లు దిగి వచ్చేసింది.

"మా అబ్బాయి విమానందేనా అన్నయ్యగారూ?"

ఎప్పుడూ కాదనే చెప్పి చెప్పి అలసిపోయిన మనిషి. "అదేననుకుంటానమ్మా" అన్నారు.

ఆమె ఏడవలేదు. గోనె విప్పి, రెండు చేతులతో ఆ రేకును అందుకుని, చంటిబిడ్డ మొహం తుడిచినట్టు పైటకొంగుతో తుడిచింది. కొంగు ఎర్రబడింది. "కర్మ అయ్యేదాకా నా ఇంట్లో ఉంచుకుంటా. తర్వాత మీరడిగితే ఇస్తా" అంది. ఆ సాయంత్రానికే తమ్ముడికి కబురెళ్ళింది, పురోహితుడు తిథి చూశాడు, బంధువులకు ఫోన్లు వెళ్ళాయి. దర్భబొమ్మ గుండెల మీద ఆ రేకు ముక్క కొంచెం కత్తిరించి పెట్టి దహనం చేయాలని నిర్ణయమైంది.

ఆ రోజుల్లో సార్జంటు గారు మామూలు మనిషిలా లేరు. కాఫీ గ్లాసు అడుగు చూడకుండానే తాగేశారు. నాకు అదే మొదటి అనుమానం. ఎయిర్ ఫోర్సు అధికారులకు ఫోను చేసి, ముక్క దొరికిందని చెప్పి, ఎవరినైనా పంపమన్నారు. వస్తామన్నారు గానీ తిథి లోపల వచ్చేలా లేరు. కర్మకు ముందురోజు పొద్దున పిన్నిగారు దండెం మీది చొక్కా తీస్తూ, "చూశావా అమ్మాయ్, మీ కల్లం నుంచి ఎంత ఎరుపు మోసుకొచ్చారో. ఉతికితే పోలా. ఎండలో వేస్తే చూడు, మచ్చుకైనా లేదు. మిరపకాయ మరకంతే, ఎండ చూపిస్తే విరిగిపోద్ది" అంది.

గుమ్మంలో కూర్చున్న ఆయన తలెత్తారు.

"టీచరమ్మా, మీ బాబాయి ఆ రేకుని పనిలేనప్పుడు ఎక్కడ పెడతాడు?"

"బయట, పాక గోడకు తగిలిస్తాడండీ."

"ఎండకీ వానకీనా?"

"ఆఁ."

"శ్రావణంలో మీరు వెళ్ళినప్పుడు చూశారా? అప్పుడు కల్లం లేదు, కాయ లేదు. అప్పుడు ఏ రంగులో ఉంది?"

నాకు పాక గోడ కళ్ళకు కట్టింది. వాన వెలిసి, తడి గోడ మీద వేలాడుతున్న ఆ రేకు. "ఎర్రగానే ఉందండీ" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకున్నారు. "మీరూ రండి. నేనొక్కణ్ణే వెళ్ళలేను" అన్నారు.

ఆ ఇంట్లో బంధువులంతా దిగి ఉన్నారు. రేకును పీట మీద నిలబెట్టి అంచుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. పక్కన రేపటి సామాను. దర్భకట్ట, నువ్వులు, నువ్వులనూనె సీసా. ఆయన ఆమెను అడిగారు. "అమ్మా, ఆ నూనె ఒక్క చెంచాడు, ఒక పాతగుడ్డా ఇప్పించు." ఎందుకని అడగకుండా ఇచ్చింది.

దండ తీసి పక్కన పెట్టి, ఆయన ఆ రేకు పైవైపు నూనెతో తుడిచారు. గుడ్డ ఎర్రబడింది. గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచారు. కొంచెం ఎరుపు. ఇంకో మడతతో తుడిచారు. ఈసారి గుడ్డ తెల్లగానే ఉంది. రేకు మాత్రం అక్కడక్కడా పెచ్చులూడిన చోట తప్ప ఇంకా ఎర్రగానే ఉంది, కాస్త నారింజ కలిసిన ఎరుపు. మాకందరికీ మిరపకాయ రంగులాగే కనబడిన ఎరుపు.

"ఇది రంగమ్మా" అన్నారు. "ఫ్యాక్టరీలో వేసిన రంగు. మనుషుల్నీ సామాన్నీ మోసే విమానానికి ఇది వెయ్యరు. తుపాకులకు, క్షిపణులకు గురి నేర్పడానికి చిన్న విమానాలు ఎగరేస్తారు. దూరానికి కనబడాలని వాటికి వేస్తారు. రేకూ రివెట్టూ రెంటికీ ఒకటే. వంపు చూసినప్పుడే చిన్నదనిపించింది నాకు. ఇంజను తొడుగయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఇది మీ అబ్బాయి విమానంది కాదు. నేను తప్పు చెప్పాను."

ముందు తమ్ముడు లేచాడు. "ఏందయ్యా నువ్వు చెప్పేది? నువ్వే గదా అవునంది! ఊరంతా పిలుచుకున్నాం. ఇప్పుడొచ్చి కాదంటే ఏం జేయాల?"

"తప్పు నాదేనండి."

"తప్పంటే అయిపోద్దా? వాడ్ని ఆ ఉద్యోగంలోకి తోలిందీ నువ్వే, ఇప్పుడు..."

"ఒరేయ్" అంది ఆమె. అతను ఆగిపోయాడు.

కాసేపటికి అతనే గొంతు తగ్గించి, ఆయన దగ్గరికి జరిగి బతిమాలాడు. "సార్జంటు గారూ, నా మాటినండి. ఇన్నాళ్ళకి మా అక్క ఒప్పుకుంది. ఇదే అనుకుందాం. మీరూ నేనూ నోరు మూసుకుంటే ఎవురికి నష్టం చెప్పండి?"

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకూ అలాగే అనిపించింది. ఆ పూలదండా, ఆ దర్భకట్టా, ఆమె మొహమూ చూస్తూ, ఈయన నోరు ఇవాళైనా మూసుకుంటే బాగుండునని లోపల దణ్ణం పెట్టుకున్నాను.

"రేపు నిజం ముక్క దొరికితే దానికెవరి పేరు పెడతారు?" అన్నారు ఆయన. గట్టిగా అనలేదు. గోడ పట్టుకుని ఉన్నారు.

ఆమె వచ్చి ఆ రేకు ముందు కూర్చుంది. నూనె రాసిన ఎరుపు మీద వేలు పెట్టి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"అన్నయ్యగారూ, ఇదీ పడిపోయిందేగా సముద్రంలో?"

"ఆఁ, కొడితే పడిపోయింది. అందుకే ఎగరేస్తారు."

"మరి ఇందులో ఎవరున్నారు?"

"ఎవరూ ఉండరమ్మా. కింద నుంచే నడుపుతారు. ఖాళీ విమానం."

"ఎవురూ లేరా?"

"మనిషి కూర్చునే చోటే ఉండదు."

నేను ఆమె ఏడుస్తుందనే చూస్తున్నాను. ఆమె తల ఊపింది. "పోన్లే. దీనికోసం ఏ తల్లీ అరుగు మీద కూర్చునుండదు" అంది. అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ళలో ఆమె ఏడవగా చూడటం అదే మొదలని తర్వాత చిన్నకొడుకు చెప్పాడు. సార్జంటు గారు కూడా అలాగే నిలబడి, తుడుచుకోకుండా ఏడ్చారు.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అని అడిగింది ఆయన్ని, తమ్ముణ్ణి కాదు.

"దర్భబొమ్మ చాలమ్మా" అన్నారు. "అది మీ అబ్బాయి కాదని నీకు తెలుసు, నాకు తెలుసు, మంత్రం చెప్పే ఆయనకీ తెలుసు. అందులో అబద్ధం లేదు. దీన్ని దాని మీద పెడితేనే అబద్ధం."

మర్నాడు సముద్రం ఒడ్డున ఒట్టి దర్భబొమ్మకే దహనం జరిగింది. చిన్నకొడుకు నిప్పు పెట్టాడు. పిలవకపోయినా సార్జంటు గారు వెళ్ళి దూరంగా నిలబడి వచ్చారు. ఎలా జరిగిందని పిన్నిగారు అడిగితే, "కాలడానికి ఎంతోసేపు పట్టలా" అని స్నానానికి వెళ్ళిపోయారు. తర్వాత అధికారులు వచ్చి చూసి ఆయన మాటే ఖాయం చేశారు. పనికొచ్చే ముక్క కాదని ఆయన దగ్గరే వదిలేశారు. బాబాయి కూడా మళ్ళీ దాన్ని అడగలేదు. "దండేసి దణ్ణం పెట్టినదాంతో కాయలెట్టా ఎత్తను?" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఆ వీధి చివరికి వెళ్ళలేదు. బజారుకు చుట్టుతిరిగి పోయేవారు. ఎవరేం తెచ్చినా, "నా కళ్ళు సరిగా లేవు, ఇంకెవరికన్నా చూపించుకోండి" అని పంపేసేవారు. గోటితో కొట్టడం మానేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ టకటకలకు ఎన్నిసార్లు విసుక్కున్నానో, అవి లేకపోతే అంతగా దిగులేసింది.

ఒక మధ్యాహ్నం ఆమే వచ్చింది. చేతిలో మగ్గం నాడె, దారాన్ని అటూ ఇటూ పరిగెత్తించే చెక్కముక్క. దాని ఇనప మొన ఊడిపోయింది. ఆ మొనను ఆయన ముందు పెట్టి, "అన్నయ్యగారూ, ఇదేందో కాస్త చూసి చెప్పండి" అంది. పుట్టిందగ్గర నుంచీ మగ్గం ఇంట్లోనే ఉన్న మనిషి. అదేమిటో తెలియకనా? ఆయన దాని వంక, ఆమె వంక చూశారు. మెల్లగా చేతిలోకి తీసుకున్నారు. బోర్లించారు. గోటితో కొట్టారు.

"నాడె మొనమ్మా."

"తప్పకుండా?"

"తప్పకుండా."

"అయితే సరే" అని తీసుకుని వెళ్ళిపోయింది. లోపల నుంచి పిన్నిగారు కళ్ళొత్తుకుంటూ వచ్చి ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు ఎత్తి అడుగు చూశారు.

తర్వాత నాకు గుంటూరు బదిలీ అయింది. పండక్కో పబ్బానికో ఫోన్లు. ఆయన పోయారని కబురొస్తే రైలెక్కి వెళ్ళాను. నిద్రలో పోయారు, ఎవరినీ ఏమీ అడక్కుండా, చెప్పకుండా. పెద్దకర్మ అయ్యాక పిన్నిగారు వరండా గోడ చూపించి, "ఇవన్నీ ఏం చేసుకోనమ్మాయ్? పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామనుకుంటున్నా. నీకేదన్నా కావాలంటే తీసుకో" అంది. ఒక్కొక్క మేకూ చూసుకుంటూ పోయాను. 'తెలియదు', 'తెలియదు', 'బావి గిలక', 'తెలియదు'.

చివరి మేకుకు ఆ రేకు ఉంది. నేను చెయ్యి పెట్టేలోపు వెనక నుంచి, "అది నేను తీసకపోతా టీచరు గారూ" అని వినబడింది. ఆమె. జుట్టు పూర్తిగా నెరిసింది. ఎప్పుడు వచ్చిందో, గుమ్మం పక్కన నిలబడి ఉంది.

"మీ అబ్బాయిది కాదు కదండీ" అన్నాను, ఏమనాలో తెలియక.

"కాదు. ఎవురిదీ కాదు. అందుకే ఇంట్లో పెట్టుకోగలను. కండెలేసుకుంటా. ఆయన చెయ్యి పడ్డది."

దించి ఇచ్చాను. దానికీ ఒక అట్టముక్క వేలాడుతోంది. ఎండకు రాత వెలిసింది. ఆమె కంటికి ఆనలేదు, చదవమంది. చదివాను.

"గురి విమానం రేకు. ఇందులో మనిషి లేడు."

కండెలు వేసుకునేటప్పుడు అడ్డం వస్తుందేమోనని, నేనే పురికొస ముడి విప్పబోయాను. ఆమె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీయండి, తీయొద్దు. రేపు నేను పోయినాక ఇది ఎవురి చేతిలో పడుద్దో. చీటీ లేకపోతే, ఎవురి బిడ్డ ఇందులో పోయాడోనని ఏ తల్లో ఏడుస్తది."

ముడి వదులైందేమోనని తనే ఇంకోసారి బిగించి, రేకును చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.